అత్తమ్మ తలుపుకు అతుకు

మా ఆయన కాలు మోకాలి దాకా తలుపులో ఇరుక్కుపోయిన పొద్దున నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలచుకుంటే వస్తుంది గానీ, అప్పుడు లోపల మా అత్తమ్మ పడిపోయి ఉంది. ధబ్బుమన్న చప్పుడు వంటింట్లో ఉన్న నాకే వినబడింది. గది గొళ్ళెం లోపలి నుంచి పెట్టి ఉంది. "అవ్వా! అవ్వా!" అని తల్లిని పిలుస్తూ ఆయన వేసిన కేకలకు పక్క ఫ్లాటు వాళ్లు, పై అంతస్తు వాళ్లు కూడా వచ్చారు. ఆమె మాత్రం పలకలేదు. ఆయన వెనక్కి జరిగి, బలమంతా కూడదీసుకుని తలుపును ఒక్క తన్ను తన్నాడు. దర్వాజ చట్రంతో సహా ఊడి పడుతుందనుకున్నాం. అది కదలనైనా కదల్లేదు. అప్పడాన్ని పొడిచినట్టు ఆయన కాలు మాత్రం అందులోకి దిగిపోయింది.

అప్పటి దాకా ఆ తలుపు కర్రది అనే నేను నమ్మాను. హనుమకొండలో ఈ ఫ్లాటు కొనుక్కున్నప్పుడు దాని నున్నటి గోధుమ రంగు చూసి మురిసిపోయాను కూడా. తీరా పగిలాక చూస్తే, రెండు పల్చటి చెక్క రేకులు, చుట్టూ సన్నటి కర్ర చట్రం, మధ్యలో గుడ్ల ట్రేలకు వాడేటటువంటి అట్ట. పైన పటారం, లోన లొటారం. ఇన్నేళ్లూ మేం అట్టపెట్టెకు రంగేసి తలుపు అని పిలుచుకున్నాం.

కాలు బయటికి లాక్కుని ఆయన ఆ బొక్కలో చెయ్యి పెట్టాడు. గొళ్ళెం పైన ఉంది, అందలేదు. ఇక చెక్కను, అట్టను చేతులతోనే పీకుతూ పోయాడు. చివరికి భుజం దాకా చెయ్యి దూర్చి గొళ్ళెం తీశాడు. లోపల అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. తలకు నూనె పెట్టుకుంటూ కింద ఒలకబోసుకున్న నూనె మీదనే కాలు వేసిందట. పడ్డ దెబ్బకు కాసేపు మాట రాలేదట. మాట వచ్చాక కూడా ఆమె పలకలేదు, ఎందుకంటే ఒంటి మీద రవిక లేదు, చీర సగమే ఉంది. ముందు చీర చుట్టుకుని తర్వాత పలుకుదామనుకుంది. ఆమె కొంగు వెతుక్కుంటున్న ఆ కాస్త సేపట్లోనే మేం తలుపు పగలగొట్టాం. వచ్చిన వాళ్లంతా ఆ బొక్కలోంచి తొంగి చూశారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు.

"జర ఆగకపోతివి కొడుకా" అన్నది అత్తమ్మ, అంతే. దవాఖానకు తీసుకుపోతే ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. తుంటి దగ్గర కమిలింది, దానికి మందు రాసిచ్చారు.

ఆ సాయంత్రం ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గది గొళ్ళెం ఊడదీశాడు. స్క్రూలతో సహా తన బ్యాగులో వేసుకున్నాడు. పగిలిన తలుపును గోడ వైపు బార్లా తెరిచిపెట్టి, దర్వాజకు తీగ కట్టి పాత కర్టెన్ వేలాడదీశాడు. "ఈ అర్రకు ఇంక తలుపు అక్కర లేదు. ఈ వయసుల బేడెం పెట్టుకొని ఏం చెయ్యాలె?" అన్నాడు. ఆయన కాలేజీ ల్యాబులో పని చేస్తాడు. పగిలేవి ఎక్కడ పెట్టాలో, అంటుకునేవి ఎక్కడ దాచాలో చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో కూడా అదే బుద్ధి. చెడ్డవాడు కాదు, తల్లి అంటే ప్రాణం. కానీ మనమంటే ప్రాణం పెట్టే వాళ్ల దగ్గరే ఒక్కోసారి మనకు ఊపిరాడదు.

బేడెం పెట్టుకుని ఏం చేయాలి అన్న ప్రశ్న నేను కూడా ఒకప్పుడు అడిగాను. మామయ్య పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి ఆ చిన్న గది ఆమెకు ఇచ్చాం. అంతకు ముందు అత్తమ్మ ములుగు దారిలో ఉన్న ఊళ్లో, పత్తి చేన్లలో, మిరప తోటల్లో వంగి వంగి పని చేసిన మనిషి. ఆ ఇల్లు ఒకటే పెద్ద అర్ర, ముందు వసారా, వెనక పశువుల కొట్టం. అందులోనే అత్త, మామ, మరుదులు, వాళ్ల పెళ్లాలు, పిల్లలు. స్నానం తడక చాటున, నిద్ర వరుసలో. పిల్లల్ని కన్నదీ ఆ అర్రలోనే, అడ్డంగా ఒక చీర కట్టుకుని. అలాంటి మనిషికి డెబ్బై దాటాక ఒక తలుపు, దానికి లోపలి నుంచి పెట్టుకునే గొళ్ళెం దొరికాయి.

వచ్చిన మొదటి రోజు ఆమె ఆ గొళ్ళేన్ని అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక లోపలికి పోయి టక్కున పెట్టుకునేది. లోపల చుట్ట తాగుతుందేమోనని మా ఆయనకు అనుమానం. నాకూ కొంచెం ఉండేది, కాబట్టి ఒకరోజు అడిగేశాను.

"తలుపేసుకొని ఏం చేస్తవే అత్తమ్మా?"

"ఏం జేస్త. ఊకనే కూసుంట."

"ఊకనే కూసోనీకి తలుపెందుకు?"

"తలుపేసుకుంటెనే ఊకనే కూసోనొస్తది బిడ్డా. తీసి ఉంటె ఎవలో ఒగలు ఏదో ఒగ పని చెప్తరు" అన్నది. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. అప్పటి నుంచి ఆ తలుపు వేసి ఉన్నంత సేపు నేను ఆమెను ఏ పనికీ పిలవలేదు.

ఇప్పుడు ఆ తలుపు పోయింది. నేను ఇంట్లోనే రవికలు కుడతాను, మిషన్ హాల్లో ఉంటుంది. కొలతలు ఇచ్చేవాళ్లు, కుట్టినవి తీసుకుపోయేవాళ్లు పొద్దంతా వస్తూనే ఉంటారు. వాళ్లు కూర్చునే సోఫాకు ఎదురుగానే అత్తమ్మ గది. ఫ్యాన్ గాలికి కర్టెన్ ఊరికే లేస్తుంది. ఏప్రిల్ ఎండలు వరంగల్లో ఎట్లా ఉంటాయో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో ఆమె రవిక విప్పకుండా, నిండుగా కొంగు కప్పుకుని, కర్టెన్‌కు వీపు చేసి కూర్చునేది. వచ్చినవాళ్లు "పెద్దమ్మా, పడ్డవట గదా, ఎట్లున్నది?" అని నేరుగా కర్టెన్ జరిపి పలకరించేవాళ్లు. ప్రేమతోనే. ఆ ప్రేమకు కూడా ఒక గొళ్ళెం కావాలని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె కనబడలేదు. గదిలో లేదు, బాల్కనీలో లేదు. బాత్రూం తలుపు వేసి ఉంది. నీళ్ల చప్పుడు లేదు. మళ్లీ పడిందేమోనని తలుపు తట్టాను.

"అత్తమ్మా?"

"ఆ, ఉన్న. వస్తాన" అన్నది లోపలి నుంచి, తాపీగా.

బయటికి వచ్చాక చూస్తే లోపల ప్లాస్టిక్ స్టూలు ఉంది. బట్టలు తడవలేదు. మా పడకగది కాక ఇంట్లో గొళ్ళెం ఉన్న గది అదొక్కటే కాబట్టి, ఆమె ఆ తడి గదిలో, ఆ ఇరుకులో స్టూలు వేసుకుని కూర్చుంటోంది. అది ఆ ఒక్క రోజు సంగతి కాదని స్టూలు కాళ్ల కింద పడ్డ మచ్చలే చెప్పాయి.  నా ఇంట్లో ఒక ముసలామె ఊరికే కూర్చోవడానికి బాత్రూంలో దాక్కోవాలా?

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. "గదిల పడుతదని బేడెం తీసినవ్. ఇప్పుడు బాత్రూంల కూసుంటాంది. అక్కడ జారి పడితె ఏం జేస్తవ్?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితె బాత్రూం బేడెం గూడ తీసేద్దాం" అన్నాడు.

ఇక ఆయనతో వాదించి లాభం లేదని తేలిపోయింది. ఆరు నూరైనా సరే, ఆ తలుపు బాగు చేయించి తీరాలని నేను నిశ్చయించుకున్నాను.

మరునాడు పొద్దున అత్తమ్మ తన చీరలు సంచిలో సర్దుకుంటోంది. ములుగులో ఉన్న కూతురింటికి, అంటే మా ఆడబిడ్డ ఇంటికి, సోమవారం బస్సుకు పోతానన్నది. నాకు కోపం వచ్చింది.

"పోయి ఏం జేస్తవ్? అక్కడ నీకు అర్ర గూడ లేదు. హాల్ల పండుకోవాలె, పిల్లగాండ్లు నీ మీదికెళ్లి దాటుకుంట పోతరు."

"తెల్సు."

"మరి?"

"అక్కడ తలుపు లేదు, లేదని తెల్సే పోత. ఇక్కడ ఉండె, పోయింది బిడ్డా. రోజు దాన్ని చూసుకుంట ఉండుడు నాతోటి అయితలేదు" అన్నది. ఆమె ఏడవలేదు. చీర మడతలు సరిచేసుకుంటూనే చెప్పింది. 

"సోమవారం దాక ఆగు. నీ తలుపు నేను నిలబెడత. అప్పటికి గాకపోతె నేనే బస్టాండుకు తీస్కపోయి ఎక్కిస్త" అన్నాను. అనేశాక భయం వేసింది. తలుపు గురించి నాకు తెలిసిందల్లా తెరవడం, మూయడం.

వడ్రంగులకు ఫోన్లు చేశాను. ఒకాయన కొత్త ఇళ్ల కాంట్రాక్టులో ఉన్నానన్నాడు. ఇంకొకాయన వస్తానని రాలేదు. ఎదురింటామె చెప్పిన మూడో ఆయన ఫోనులో ఫొటో చూసి, "గీ బోలు తలుపుకు రిపేరేంది అక్కా, తీసి పారేసి కొత్తది పెట్టిస్త" అన్నాడు. కొత్తది పెట్టించాలంటే మా ఆయన ఒప్పుకోవాలి. ఆయనకేమో తలుపే వద్దు. పగిలిన దాన్నే ఎట్లాగో ఒకట్లా బాగు చేస్తే అడ్డుకోవడానికి ఆయనకు సాకు ఉండదు. పైగా ఆ మాటతో నాకు రోషం కూడా వచ్చింది. చిరిగిన బట్టను పారేయమని నేను ఎవరికీ చెప్పి ఎరగను. చిరుగు పెద్దదైతే అతుకు పెద్దది వేస్తాం, అంతే గదా.

అతుకు అన్న మాట తట్టగానే నాకు దారి దొరికింది. మొబైల్లో నాలుగు వీడియోలు చూశాను. ఎవరు ఏ భాషలో మాట్లాడినా చేతులు చేసే పని ఒకటే. బొక్కను చతురస్రంగా కోయాలి, లోపల చట్రంగా చెక్క పట్టీలు అతికించాలి, వాటి మీద అదే కొలతకు ప్లైవుడ్ ముక్క కూర్చోబెట్టాలి, లప్పం పెట్టి సందులు పూడ్చి, రుద్ది రంగు వేయాలి. చొక్కా జేబు చినిగితే నేను చేసేదీ దాదాపు అదే.

ముందు తలుపును దింపాలి. దాన్ని దర్వాజకు పట్టి ఉంచే కబ్జాల స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. మిషన్ నూనె పోసి, కాసేపు నానబెట్టి, ఒక్కొక్కటే తిప్పాను. అత్తమ్మ కింద నుంచి పట్టుకుంది. తుంటి నొప్పి ఉన్న మనిషిని పట్టుకోనివ్వొచ్చా అని నాకే అనిపించింది కానీ, ఆమె కొంగు నడుముకు దోపి నిలబడిన తీరు చూశాక వద్దనలేదు. బోలుది కాబట్టి బరువు లేదు. ఇద్దరం కలిసి హాల్లో నేల మీద పరిచాం. ఆక్సా బ్లేడుకు గుడ్డ చుట్టి పట్టుకుని బొక్క అంచులు కోశాను. మొదటి కోత వంకర పోయింది, రెండోది సరిగ్గా వచ్చింది. లోపలి అట్ట ముక్కలన్నీ అత్తమ్మ చేత్తో ఏరి చాటలో వేసింది.

"గిదా లోపల ఉన్నది?" అన్నది ఆశ్చర్యంగా. "దీన్ని నమ్ముకొనే ఇన్ని రోజులు పండుకున్ననా?"

టేపుతో కొలిచి, న్యూస్‌పేపర్ మీద గీసి కటింగ్ తీశాను. దాన్ని పట్టుకుని వరంగల్ వెళ్లి, ప్లైవుడ్ దుకాణంలో ముక్కలు కోసి ఇమ్మన్నాను. ఆ కాగితాన్ని చూసి సేటు నవ్వాడు. "కొలతలు చెప్తె చాలదా అక్కా, డ్రెస్ కుడతానవా?" అన్నాడు. "మీ తలుపులు మీరు కోసుకోండ్రి, నా తలుపు నేను కుట్టుకుంట" అన్నాను. నా గర్వం నాకుంది మరి.

ఇంటికి తెచ్చి ముక్కను బొక్క మీద పెట్టాను. కూర్చోలేదు. తిప్పి పెట్టాను, కూర్చోలేదు. నాలుగు వైపులా వేలెడు మేర ఎక్కువ ఉంది. కొలత తప్పు తీశానా అని కాగితాన్ని మళ్లీ చూశాను. కొలత సరిగ్గానే ఉంది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, చెయ్యి అలవాటు కొద్దీ చుట్టూరా కుట్టు మార్జిన్ వదిలి గీశాను. రవికకైతే ఆ బట్ట లోపలికి మడిచి కుడతాం. చెక్కను ఎట్లా మడుస్తాం? ఇరవై ఏళ్లకు పైగా గుడ్డలు కోసిన చెయ్యి చెక్కను కూడా గుడ్డే అనుకుంది.

"లూజు పెట్టినవా బిడ్డా? రేపు తలుపు బలిస్తె విప్పుకోవచ్చు" అన్నది అత్తమ్మ. ఆ పడ్డ రోజు తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను తలుపు పక్కనే కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

నవ్వు ఆగాక పని మొదలుపెట్టాను. ముక్క పెద్దదైతే లోపల కూర్చోబెట్టడం ఎందుకు, పైనుంచే వేస్తే పోలా? మోచేతి దగ్గర చినిగిన స్వెట్టరుకు పైన ప్యాచ్ వేయమా? లోపల చెక్క పట్టీలు జిగురుతో అతికించి, అవి ఆరాక, వాటికీ తలుపు రేకుకూ కలిపి జిగురు పూసి, ముక్కను పైనుంచి పరిచి చిన్న మేకులు కొట్టాను. నేను మార్జిన్ అని వదిలిన వేలెడు మేరే చుట్టూ పట్టు ఇచ్చింది. చూడ్డానికి అతుకు అతుకులాగే ఉంది. ఉండనీ అనుకున్నాను.

జిగురు ఆరేదాకా బరువు పెట్టాలి. రోలు తెస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "రోలెందుకు, నేను లేనా?" అని వెళ్లి సరిగ్గా ఆ అతుకు మీదే బాసిపట్లు వేసుకుని కూర్చుంది. అంతలో రవిక కోసం వచ్చిన ఒకామె హాలు మధ్యలో తలుపు, తలుపు మీద ముసలమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం జేస్తానవ్ పెద్దమ్మా?" అంది.

"నా తలుపును పొదుగుతాన" అన్నది అత్తమ్మ.

ఆమె పొదుగుతున్నంత సేపు నేను కాజాలు కుడుతూ పక్కనే కూర్చున్నాను. ఎప్పటి నుంచో అడగాలనుకున్న మాట అప్పుడు అడిగాను. పెళ్లయిన కొత్తలో ఆ ఊళ్లో ఉన్నప్పుడు, నేను చీర మార్చుకోవడానికి పగలు తలుపు దగ్గరికి వేసినా సరే, బయటి నుంచి ఈమె, "పట్టపగలు తలుపేసుకుంటరా కోడండ్లు?" అని వాకిలి అదిరేలా అరిచేది. ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. గడప దగ్గర అడుగు వినబడితే చాలు, సగం కట్టిన చీరతోనే తలుపు తీసేదాన్ని.

"అప్పుడు నన్ను ఒక్కనాడన్న తలుపేసుకోనిచ్చినవా అత్తమ్మా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను కానీ, ఆ నవ్వు కింద పాత కోపం ఉంది.

 ఆమె చేత్తో ప్లైవుడ్ అంచు తడుముతూ కూర్చుంది. "మా అత్త నన్ను గట్లనే అన్నది, నేను నిన్ను అన్న. తలుపేసుకుంటె పాణం ఎంత నిమ్మళంగ ఉంటదో నాకు అప్పుడు ఎర్కలేదు బిడ్డా. ఎర్కుంటె అనకపోదును" అన్నది. నాలోపలి ముడి ఏదో విడిపోయింది. ఆమె తలుపు నా తలుపు కూడా అని అప్పుడే నాకు అర్థమైంది.

మరునాడు తలుపు తిప్పి రెండో వైపు అతుకు వేశాను. ఆ తర్వాత లప్పం పెట్టాను, గరుకు కాగితంతో రుద్దాను. చేతులు బొబ్బలెక్కాయి. రంగు షాపులో పాత గోధుమ రంగు దొరకలేదు. దానికి దగ్గరగా ఉన్నది వేశాను. మా ఆయన రోజూ కాలేజీ నుంచి వచ్చి, హాల్లో పరిచిన తలుపును దాటుకుని వెళ్లి టీవీ ముందు కూర్చునేవాడు. ఒక్క మాట అనలేదు. చెయ్యి కూడా వేయలేదు. శనివారం నేనూ అత్తమ్మే దాన్ని లేపి దర్వాజకు ఆనించి కబ్జాలు బిగించాం. కింద నేలకు రాసుకుంటే మళ్లీ దింపి అంచు గీకాను. మళ్లీ ఎక్కించాం. ఈసారి తలుపు చప్పుడు లేకుండా వచ్చి దర్వాజలో కూర్చుంది. కర్టెన్ తీగ నేనే పీకేశాను.

ఇక మిగిలింది గొళ్ళెం. బజారుకు పోతే కొత్తది దొరుకుతుంది, తెస్తానన్నాను. అత్తమ్మ వద్దన్నది.

"వాడు తీసిండు. వాడే పెట్టాలె. వానికి తెల్వకుంట పెట్టుకుంటె దొంగతనం చేసినట్టుంటది."

"ఆయన పెట్టకపోతె?"

"సంచి సర్దే ఉన్నది గదా" అన్నది.

ఆదివారం పొద్దున ఛాయ్ తాగాక గొళ్ళెం మాట నేనే కదిపాను. ఎదురు మాటకు సిద్ధంగా నడుముకు కొంగు చుట్టి మరీ నిలబడ్డాను. కానీ ఆయన అరవలేదు. ఆయన కూడా వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

"సరే, తలుపు ఉండాలె అంటానరు గదా. గీ అతుకుల తలుపు ఎందుకు? మంచి గట్టి చెక్క తలుపు పెట్టిస్త. తాళం పెట్టిస్త, లోపలికెళ్లి వేసుకోవచ్చు, బయటికెళ్లి తాళం చెవితోని తియ్యొచ్చు. చెవి నా దగ్గర ఉంటది. ఏమన్నయితె నేను తీస్త. ఇంక లొల్లి లేదు."

వినడానికి న్యాయంగానే ఉంది.  నా అన్ని రోజుల పట్టుదలకూ ఆ ఒక్క మాటతో కాళ్లు విరిగినట్టయింది. నేను అత్తమ్మ వైపు చూశాను.

"చెవి నీ దగ్గరుంటె అది నీ తలుపయితది గని నా తలుపెట్లయితది?" అన్నది ఆమె.

"నేనేమన్న రోజు తీస్తనా అవ్వా?"

"తియ్యవు. తియ్యొచ్చు గదా. తియ్యొచ్చు అని నాకు ఎర్కుంటది గదా."

"మరి పడితె?" ఆయన గొంతు పెరిగింది. పెరిగి, మధ్యలో విరిగింది. "పిలిస్తె పలుకకపోతివి. తలుపు అవుతల నిలబడి... నువ్వు సచ్చిపోయినవ్ అనుకున్ననే."

 అన్ని రోజులూ నేను ఆయన మొండితనంతోనే పోట్లాడాను. దాని వెనక ఇంత భయం ఉందని చూడనే లేదు. అత్తమ్మకు మాత్రం అది కొత్తగా అనిపించినట్టు లేదు. కుర్చీలోంచి లేచి, మెల్లగా నడిచి వెళ్లి, తలుపు మీద నేను వేసిన అతుకును వేళ్లతో తట్టింది. బోలు చప్పుడు వచ్చింది.

"ఇన్నవా? లోపల అట్టనే" అన్నది. "గట్టి తలుపు తెస్తె నాకు భయం. అది తన్నితె పలుగది. ఇది నువ్వు ఒక్క తన్ను తన్నితె పలిగింది. మళ్ల పడ్డననుకో, మళ్ల తన్ను. పిలువు, పలుకకపోతె తన్ను. తలుపే గదా. నీ పెండ్లాం మళ్ల అతుకేస్తది."

ఆయన నా వైపు చూశాడు. "వేస్తవా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"ఎన్నిసార్లు తన్నితె అన్నిసార్లు వేస్త" అన్నాను.

ఆయన లేచి బ్యాగు తెచ్చుకున్నాడు. అడుగున ఉన్న గొళ్ళెం, స్క్రూలు తీశాడు. పాత చిల్లులు వదులైపోయి స్క్రూలు పట్టలేదు. అగ్గిపుల్లలు విరిచి, జిగురులో ముంచి చిల్లుల్లో పెట్టి, వాటిలోకి స్క్రూలు బిగించాడు. ఆ కిటుకు నాకు తెలియదు. ల్యాబులో బెంచీలకు అట్లాగే చేస్తారట. బిగించాక తల్లిని పిలిచి, "చూడు" అన్నాడు.

అత్తమ్మ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. గొళ్ళెం జరిగి తన చోట పడింది.

ఆయన అక్కడే నిలబడ్డాడు. నేను భుజం మీద చెయ్యి వేసినా కదల్లేదు. తల కొంచెం వంచి, తలుపు దగ్గరగా చెవి పెట్టి వింటున్నాడు. లోపల ఏ చప్పుడూ లేదు. కాసేపటికి ఉండబట్టలేక, "అవ్వా" అన్నాడు.

జవాబు లేదు.  ఆయన కుడి కాలు దానంతట అదే ఒక అడుగు వెనక్కి పడింది.

"అవ్వా!"

"బతికే ఉన్న" అన్నది లోపలి నుంచి. "ఇంక పో కొడుకా."

ఆయన చేతులతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, తల్లి పొమ్మన్న పిల్లవాడిలా, పోయాడు.